అడ్డపొగ మాన్పించిన వాల్తేరు ప్రయాణం

1958 పుష్యమాసంలో మా అత్తని చోడవరం నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ మేనత్తే. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ తాగడం ఆవిడకి చిన్ననాటి అలవాటు. ఒకరోజు పులుసు తాగుతూ వేడి తెలియడం లేదంది. టార్చిలైటు వేసి చూస్తే అంగిట్లో చిన్న ఉసిరికాయంత గడ్డ. దసరా నుంచీ ఉందట. నొప్పి లేదు గనక చెప్పలేదట. చెరుకు గానుగాడి బెల్లం వంట అయ్యాక చూద్దామంది. నేను పంతులమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టేశాను.

పొద్దున్న ఆరింటి బస్సుకి బయల్దేరాం. చెరుకుబళ్ల మధ్య నుంచి అనకాపల్లి చేరేసరికి ఏడుంపావు. స్టేషన్లో ఇడ్లీలు తిని ఎనిమిదిన్నర పాసింజరు ఎక్కితే పదింటికి ముందే విశాఖపట్నం స్టేషను వాల్తేరు. ఆసుపత్రికి జట్కా అర్ధరూపాయి. అత్త చుట్ట తీయబోతే జట్కా తోలే ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. అడ్డపొగ తాగే తన భార్యకీ నోట్లో పుండు వచ్చిందనీ, ఆలస్యంగా తీసుకొచ్చాననీ మెల్లిగా చెప్పాడు. అత్త చుట్టని మళ్లీ కొంగున ముడేసుకుంది.

గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం రోజులు దగ్గర్లోని సత్రంలో ఉన్నాం. రాచపుండని, అంటే క్యాన్సరని తేలింది.

"జొరం లేదు, సీము లేదు. ఇదేటి రోగం తల్లీ?" అని అడిగింది అత్త.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "బయటి క్రిమి దూరితే ఒంట్లో కాపలా కణాలు దాన్ని పట్టుకుని పోరాడతాయి. జ్వరం, చీము అందుకే వస్తాయమ్మా. ఇది మీ ఒంటి కణమే, అదుపు తప్పి పెరుగుతోంది. కాపలా దాన్ని సొంతదే అనుకుని వదిలేస్తుందేమో. ఎలా తప్పించుకుంటుందో మాకూ పూర్తిగా తెలియదు."

అత్త అందుకుంది. "మా కుక్కా అంతేనమ్మా. నక్కొస్తే అరుస్తాది. మా మరిది రోజూ సెరుకు ఇరుసుకుపోతన్నా తోకాడిస్తాది."

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గడ్డ కరగడానికి రేడియం పెట్టాలనీ, నెల పైనే ఉండాలనీ ఆవిడ చెప్పగానే అత్త ఇంటికి పోదామని లేచింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు లేపోతే నాకెవరున్నారత్తా?"

అత్త కొంగు ముడి విప్పి చుట్టలన్నీ నా చేతిలో పెట్టి, ఆసుపత్రి మంచమ్మీద కూర్చుంది.

ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. కరిగిపోయిన గడ్డ మళ్లీ రాలేదు. అంగిట్లో మచ్చ ఉంది, మాట కాస్త ముక్కులోంచి వస్తుంది, అన్నం మెత్తగా వండాలి. అయినా నా వంటకి వంక పెట్టడం మానలేదు, ఆ వంకలు వింటుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. నొప్పి పుట్టాకే రోగమని మనం నమ్ముతాం. ఒంటి కాపలానే ఏమార్చిన రోగం మనకి ముందుగా నొప్పితో కబురు పంపుతుందా?

నోట్లో పుండు మూడు వారాలకి మానకపోతే, నొప్పి లేకపోయినా బయల్దేరండి. ఆసుపత్రిలో రోగులకిచ్చే చీటీలు పదకొండింటికి ఆపేస్తారు, ఆరింటి బస్సు వదులుకోకండి.