పచ్చ లైటు ఆరేదాకా

చిత్తూరులో మా ఆఫీసు సర్వర్ బాగుచేయడానికి వచ్చే ఆయనకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కుర్చీలో కూర్చున్నా మోకాలు ఊపుతూనే ఉండేవాడు. టీ సగం తాగి లేచిపోయేవాడు.

ఒకరోజు సర్వర్ మొరాయించింది. దానికి తగిలించిన డిస్కుల పెట్టెను విప్పి ఇంకో సర్వర్‌కు పెట్టాలి. రైతుల భూమి రికార్డులన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఐరాల నుంచి వచ్చిన రైతులు కిటికీ దగ్గర కేకలేస్తున్నారు. ఆయన సర్వర్ ఆఫ్ చేసి కరెంటు వైర్లు పీకాడు. నేను ఆత్రంగా పెట్టె కేబుల్ మీద చెయ్యి వేశాను. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండప్పా! వైరు పీకినా లోపల కరెంటు ఇంకా ఉండాది. ఇప్పుడే కేబుల్ లాగితే డిస్కులు పాడైపోతాయి."

సర్వర్ స్విచ్ నొక్కి పట్టుకున్నాడు. వైరే లేని సర్వర్‌లో పచ్చ లైటు వెలిగింది! అది మెల్లగా ఆరేదాకా ఆయన కదల్లేదు. మోకాలు కూడా ఊగలేదు. ఆ తర్వాతే కేబుళ్లు ఒక్కొక్కటే విప్పి, పెట్టెను రెండు చేతులా ఎత్తి నాకిచ్చాడు.

ఇంకో సర్వర్‌లో రికార్డులన్నీ భద్రంగా కనిపించాయి. నేను టీ చెప్పేలోపే వాచ్‌మన్ వచ్చాడు.

"సార్, బండి ఇంజన్ ఆపకుండానే లోపలికి వచ్చేసినారే! పెట్రోలు అయిపోయి ఇప్పుడు అదే నిలిచిపోయె."

ఆయన నాలిక కరుచుకున్నాడు. స్కూటర్ తోసుకుంటూ పెట్రోలు బంకు వైపు వెళ్లాడు, పరుగెత్తుతూ.