ఆకులో మిగిలిన తళిగ

లావుగా ఉన్నన్నాళ్లూ కోమలిని చూసి నగరి ఊళ్లో ఎవరూ భయపడలేదు. మరమగ్గాల వీధిలో ఆమె ఆయాసపడుతూ నడిచొస్తుంటే "ఆ పేరు పెట్టినోళ్లకి దండం పెట్టల్ల" అని నవ్వుకునేవాళ్లు, అంతే. మోకాళ్లు పట్టేసినా, చక్కెర జబ్బు ముదిరినా, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునే దాకా వచ్చినా "తిండిపుష్టి ఉండే మనిషి, ఏం కాదులే" అన్నారు. ఆమె తగ్గడం మొదలయ్యాకే అందరికీ దిగులు పట్టుకుంది. మన జనం తీరే అంత. ఒళ్లు చేస్తే కలిమి, తగ్గితే రోగం.

నిజానికి కోమలికి రోగం లేదు. ఎండాకాలంలో మొగుడు మునిశేఖర్‌తో చెన్నై పోయి, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. కడుపులో ముప్పాతిక భాగం తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత సంచిలా కుట్టి పంపారు డాక్టర్లు. వీధికీ, ఇంట్లో అత్త తిరుమలమ్మకీ చెప్పింది మాత్రం పిత్తాశయంలో రాళ్లని. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందంట" అనే మాట ఇంకా ఎవరూ అనకముందే, ఎదురింటి శకుంతలమ్మ గొంతులో, కోమలి చెవులకు స్పష్టంగా వినపడేది. అత్త సంగతి తలచుకుంటే ఇంకా భయం. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ చేతి ముద్ద తినే కోమలి ఆ ఒళ్లు చేసింది. నేను పెట్టిన కూడే నీకు బరువైందా అని ఆమె ఒక్కసారి అడిగితే ఏం చెప్పాలి? అందుకే మొగుడి చేయి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకుంది.

అబద్ధం చెప్పడం సులువే. దాన్ని రోజుకు మూడుసార్లు కంచం ముందు కూర్చోబెట్టి మేపడమే కష్టం. చిన్న గిన్నెడు తిండి, అదీ నోట్లోనే గుజ్జయ్యేదాకా నమిలి మింగాలి. అన్నం తింటూ నీళ్లు తాగకూడదు. తీపి జోలికి పోతే అది కడుపులో నిలవకుండా కిందికి జారిపోయి గుండెదడ, చెమట, వణుకు తెస్తుందని, పడుకుంటే కాసేపటికి అదే తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. చివరి ముక్క కోమలికి గుర్తులేదు. ఒక్క మెతుకు ఎక్కువైనా లోపలి కుట్లు పటపటా ఊడిపోతాయనే ఆమె భయం. తుమ్ము వచ్చినా కడుపు పట్టుకునేది.

బలానికి ఇచ్చిన పొడిని పాత వాము డబ్బాలో దాచింది. అత్త వడ్డించిన సంగటిని, మగ్గాల చప్పుడు మాటున, పెరట్లోకి వచ్చే ఆవుకు పెట్టింది. ఆ ఆవు మాత్రం బాగా ఒళ్లు చేసింది. కోమలి తలకు దువ్వెన పెడితే వెంట్రుకలు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడొచ్చేవి. ఆపరేషన్ అయినవాళ్లకు కొన్నాళ్లు అలాగే ఊడి మళ్లీ వస్తాయని చెప్పారు కానీ, చెప్పినవాళ్ల జుట్టు కాదు కదా పోయేది. ఆ చిక్కు ఉండలను చూరులో దోపేది. మర్నాటికి అవి అక్కడ ఉండేవి కాదు.

తిరుమలమ్మ ఏమీ అడిగేది కాదు. అదే కోమలి ప్రాణం మీదికి వచ్చింది. తిట్టే అత్త తిట్టకపోతే ఏ కోడలికి నిద్ర పడుతుంది? ఊరికే కంచం వంకా, కోడలి మెడ ఎముకల వంకా చూసేది. మర్నాడు ఇంకో గరిటె నెయ్యి వేసేది. వదులైపోయిన రవికలను టైలర్ దగ్గర కుట్లు వేయిస్తానని కోమలి తీస్తే, లాక్కుని పెట్టెలో పెట్టేసింది.

"యాడికీ ఇయ్యద్దు. అట్లే ఉండనీ. మళ్లీ పడతాయి."

ఎత్తిపొడుపు అనుకుంది కోమలి. సంగతి తెలిసిపోయిందేమో అని ఆ రోజంతా ఆమెకు చేతులు ఆడలేదు.

సెప్టెంబరు నడిమిన తమిళుల పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాల్లో ఆ చుట్టుపక్కల వెంకటేశ్వరస్వామికి ఒక్కపూటే తిని ఒంటిపొద్దు ఉండి, పటం ముందు ఆకు పరిచి, పిండివంటలన్నీ రాశిగా పోసి తళిగ వేస్తారు. ప్రసాదం పెట్టిన ఆకులో మెతుకు మిగల్చకూడదు. రెండో శనివారం దాటాక తిరుమలమ్మ చెప్పింది.

"వచ్చే శనివారం పెద్ద తళిగ వేస్తాండాను. వీధంతా పిలుస్తాండాను. మొక్కుబడి ఉండాది."

"ఏం మొక్కుబడి అత్తా?"

"అది నాకూ సామికీ ఉండే మాట. నువ్వు ఆపొద్దు ఒంటిపొద్దు ఉండు. పిండి దీపం నువ్వే ఎత్తల్ల."

బియ్యప్పిండీ బెల్లమూ కలిపి ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోసి వెలిగించేది పిండి దీపం. ఎవరి పేర మొక్కారో వాళ్లు దాన్ని నెత్తిన ఎత్తుకోవాలి. వత్తి కొండెక్కాక ఆ తీపి పిండిని ముందు వాళ్లే తినాలి. ఎలాగైనా ఇది తప్పించమని కోమలి వారమంతా మునిశేఖర్ చెవిలో పోరింది.

"అమ్మతో చెప్పేస్తాలే. ఆమె కూడా మనిషే కదా" అన్నాడతను.

"చెప్తే నా మీద ఒట్టు."

ఇక అతనేం చేస్తాడు. పోయి మగ్గం ముందు నిలబడ్డాడు.

శనివారం పొద్దున్నే తిరుమలమ్మ తలకు పోసుకుని, నామం పెట్టిన ఇత్తడి చెంబు పట్టుకుని, ఇంటింటి ముందూ "గోవిందా" అని నిలబడి బియ్యం ఎత్తుకొచ్చింది. ఇంట్లో మూటలు ఉన్నా సరే, అడుక్కున్న బియ్యంతో వండితేనే స్వామి ముట్టుకుంటాడని అక్కడి నమ్మకం. మోకాళ్ల నొప్పులతో ఆమె వీధి చివరి దాకా పోవడం గడపలోంచి చూసి కోమలికి మనసు చివుక్కుమంది. ఇంత మొక్కు దేనికో అడగడానికి మళ్లీ నోరు రాలేదు.

నడిపొద్దుకు ఇల్లు నిండిపోయింది. దాసరి సుబ్బన్న శంఖం ఊదాడు. కంచు సేగండి గంట మోగింది. పొద్దుటి నుంచి ఏమీ లేని కడుపుతో, వెలిగే దీపం నెత్తిన పెట్టుకుని, కోమలి పటం ముందు నిలబడింది. వత్తి కొండెక్కాక ఆకు ముందు కూర్చోబెట్టి, తిరుమలమ్మ పిండి తుంచి, తన చేత్తో కోడలి నోట్లో పెట్టింది. స్వామి ప్రసాదం వద్దనే నోరు ఆ వీధిలో ఇంకా పుట్టలేదు. కోమలి మింగింది. ఇంకో ముద్ద. దాని వెనకే నెయ్యి కారే చక్కెర పొంగలి.

"తినమ్మే, తిను" అంటూ అత్త ఇంకో ముద్ద కలిపింది.

నాలుగో ముద్ద దిగేసరికి గుండె సేగండి కంటే గట్టిగా కొట్టుకుంది. ఒళ్లంతా చెమట పోసింది. చేతులు, దవడలు, భుజాలు తనవి కానట్టు వణికాయి. కళ్లు మూతలు పడ్డాయి. కుట్లు ఊడిపోయాయి, అయిపోయింది అనుకుంది కోమలి. నోరు తెరిస్తే మాట రాలేదు, మూలుగు వచ్చింది.

"సామి వచ్చినాడు. జరగండి, జరగండి" అన్నాడు సుబ్బన్న.

అంతే, గోవింద నామం ఇంటి కప్పు లేపింది. ఎవరో పసుపునీళ్లు కాళ్ల మీద పోశారు. ఎవరో హారతి వెలిగించారు. నిన్నటిదాకా ఈమె నడకను వెక్కిరించిన శకుంతలమ్మ చేతులు జోడించి "సామీ, మా బోరులో నీళ్లు పడతాయా" అని అడిగింది. సుబ్బన్న, వచ్చిన స్వామికి దాహం తీర్చాలని, చెంబెడు బెల్లం పానకం తెచ్చి నోటికి పెట్టాడు. రెండు గుక్కలు లోపలికి పోయాయి. గుండె ఇంకా ఎగిరింది. మునిశేఖర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి "వద్దు, పొయ్యద్దు" అన్నాడు. పూనకం మీద ఉన్న మనిషిని ముట్టుకోకూడదని ఇద్దరు ముగ్గురు అతన్ని వెనక్కి పట్టుకున్నారు.

కోమలికి ఒళ్లు స్వాధీనంలో లేదు కానీ తెలివి ఉంది. కడుపులో నొప్పి లేదు, కుట్లు ఊడలేదు; తీపికి వచ్చే వణుకు పడుకుంటే పోతుందన్న డాక్టరమ్మ మాట ఇప్పుడు గుర్తొచ్చింది. దేవుడిని ఎవరూ ఏ ఆపరేషన్ చేయించుకున్నావని అడగరు. ఇలాగే కళ్లు మూసుకుని పడుంటే దడ తగ్గుతుంది, జనం పోతారు, గుట్టు గుట్టుగానే ఉంటుంది. ఆ పానకం చెంబు ఒక్కటి తప్పిస్తే చాలు. దవడలు బిగించి కూర్చుంది.

అప్పుడు ఆమె పాదాల మీద ఏదో బరువు పడింది. కళ్లు కొంచెం తెరిచి చూస్తే నెరిసిన జుట్టు. అత్త నుదురు.

"సామీ, ఒకే మాట అడుగుతాండాను" అంటోంది తిరుమలమ్మ. "నా కోడలికి ఏం జబ్బో నా కొడుకు నాతో చెప్పడంల్యా. రాళ్లని చెప్పి ఆ చెన్నైలో ఏం తీసినారో. దాని వెంట్రుకలు మూటగట్టి పెట్టుకోనుండాను, కొండకు తెచ్చి నీకే ఇస్తాను. దాని పాత రవికలు కుట్లు వేయనియ్యల్యా, మళ్లీ అది ఒళ్లు చేస్తాదని. అది మునుపటి మాదిరి ఒక కంచం తింటే చాలని వీధిలో అడుక్కోనొచ్చి ఈ తళిగ వేసినాను. ఎవుర్నన్నా తీసకపోవాలంటే నన్ను తీసకపో. అది బతుకుతాదా, చెప్పు సామీ."

"బతుకుతాది" అని స్వామి గొంతుతో ఒక్క మాట అంటే సరిపోయేది. ముసలామె దిగులు తీరేది, వీధిలో పరువు నిలిచేది, పైగా వచ్చే ఏడాది ఇంకా పెద్ద తళిగ పడేది. కోమలి నోరు తెరిచింది కూడా. పాదాలు తడుస్తున్నాయి. అవి పసుపునీళ్లు కావు, వేడిగా ఉన్నాయి.

"అత్తా, లెయ్" అంది. "నేనే, కోమలిని. సామి రాలేదు."

తిరుమలమ్మ తలెత్తింది.

"నాకు జబ్బేం ల్యా. రాళ్లూ ల్యా. ఒళ్లు మొయ్యలేక కడుపు చిన్నది చేయించుకున్నాను. నువ్వు తిడతావని, వీళ్లు నవ్వుతారని చెప్పల్యా. తీపి తింటే ఇట్ల వణుకొస్తాది, పండుకుంటే పోతాది. నేను బతుకుతాను అత్తా. బతకల్లనే కోయించుకున్నాను."

సేగండి ఆగిపోయింది. శకుంతలమ్మ ఏదో అనబోయి, తిరుమలమ్మ మొహం చూసి నోరు మూసుకుంది. సుబ్బన్న చేతిలోని పానకం ఏం చేయాలో తోచక తనే తాగేశాడు.

తిరుమలమ్మ కోడలి పొట్ట వంక చూస్తూ అడిగింది.

"ఎంత చిన్నది?"

కోమలి రెండు చేతులతో అరటికాయంత కొలత చూపించింది. తిరుమలమ్మ ఆ చేతుల మధ్య జాగా చూసింది. ఆకులో తాను పోసిన రాశిని చూసింది. ఇన్ని నెలలూ తాను వేసిన గరిటెల నెయ్యి తలపుకొచ్చిందేమో, ఆమె మొహం ముడుచుకుపోయింది.

"ముందే చెప్పుంటే ఒక ముద్దే పెట్టుంటాను కదమ్మే" అంది. కొంగుతో కోడలి మొహం మీద చెమట తుడిచి, ఆకు తన వైపు లాక్కుంది.

"అత్తా, అది నా ఎంగిలి" అంది కోమలి భయంగా. కన్న కొడుకు తాగిన లోటాను కూడా కడిగించుకుని గానీ తాగని మనిషి ఆమె.

"సామి ప్రసాదం. మిగల్చకూడదు" అంది తిరుమలమ్మ. వీధి వీధంతా చూస్తుండగా పొంగలి కలుపుకుని, ముద్ద తర్వాత ముద్ద తింది. కోమలి గోడకు ఆనుకుని, గుండెదడ నెమ్మదించేదాకా, అత్త కొంగు పట్టుకునే కూర్చుంది.