రెండో లేబుల్ సీసా

జీతం పెంచమని అడగాలని మేనేజరుగారిని ఈ గల్ఫ్ దేశంలో, గలాలీలోని మా ఫ్లాటుకు భోజనానికి పిలిచాను. ఆయన వైన్ ప్రియుడు. అందుకని ఫ్రాన్సులో తరతరాల పేరున్న ఎస్టేట్ వాళ్ల రెండో లేబుల్ రెడ్ వైన్, అంటే అదే తోటలోని కాస్త చవక రకం, తెచ్చాను. ఎండ తగలనివ్వలేదు. మడ్డి అడుక్కి దిగాలని కదలకుండా నిలబెట్టాను.

ఆయన కూర్చోగానే నా రూమ్మేట్ జగిత్యాల అన్న సీసాను మజ్జిగలా గిలక్కొట్టి పోశాడు.

"ఎందుకన్నా ఊపావు?"

"సరుకంత అడుగుకే ఉన్నది తమ్మీ. ఊపకుంటే సారుకు ఉత్త నీళ్లే వస్తుండె."

మేనేజరుగారు బురదలాంటి గ్లాసులోకి, తర్వాత సీసా మీది లేబుల్ వైపు చూశారు. "రెండో లేబులా? మొదటిది తేలేదేం?"

నేను నోరు తెరిచేలోపే అన్న అందుకున్నాడు. "అది కొనేటంత జీతం మీరెక్కడ ఇస్తున్నరు సార్?"

ఆయన పొలమారేదాకా నవ్వారు. "ముందు టీ వడగట్టే జాలి తెండి. జీతం సంగతి శుక్ర, శనివారాల సెలవు అయ్యాక ఆదివారం ఆఫీసులో చూద్దాం."