కాంటా పక్కన అమ్మ

"సచ్చిన మొఖానికి కండ్లు గీయుమంటవా? నాతోని కాదన్నా."

"బజార్ల గీస్తలేరా? రేపు దినాలు. వచ్చినోళ్ళు దండం పెట్టెతందుకు గోడకు ఏం పెట్టాలె, నీ కెమెరానా?"

"కుంచె వట్టి గీస్తే అది వదినె గాదు, బొమ్మ అయితది."

"బొమ్మనో గిమ్మనో! కండ్లు మూసుకున్న మొఖాన్ని నేను రోజూ సూడలేను తమ్మీ."

నా చిన్నప్పుడు, జ్వరంతో మా అమ్మ పోయిన రోజుల్లో, మా నాయనా చిన్నాయనా ఇలా వాకిట్లో నిలబడి అరుచుకున్నారు. కెమెరా కనబడితే అమ్మ పక్కకు తప్పుకునేది. అందుకే బతికుండగా తీసిన ఫొటో ఒక్కటీ లేదనుకున్నారు. మా వైపు అప్పట్లో చేసినట్టే, పోయాక కుర్చీలో కూర్చోబెట్టి చిన్నాయనతో ఒకటి తీయించారు. అలాంటి ఫొటోల్లో మూసిన కళ్ళ మీద స్టూడియో వాళ్ళు తెరిచిన కళ్ళు గీసి ఇచ్చేవారు. నాయన అడిగింది అదే.

నేను నాయన పక్షమే. ఇంటినిండా మనుషులున్నా, అమ్మ పోయినప్పటి నుంచి నా మొఖం చూసినవాళ్ళు లేరు. అన్నం పెట్టే పెద్దమ్మ గిన్నెను చూసేది. నాయన నేలను చూసేవాడు. గీస్తే అమ్మ కళ్ళు తెరుస్తుంది, తెరిస్తే నన్ను చూస్తుంది అనుకున్నాను. వెళ్ళి చిన్నాయన అంగీ పట్టుకుని, "గియ్యి చిన్నాయనా, అమ్మ నన్ను సూస్తది" అన్నాను.

ఆయన అరవడం ఆపేశాడు. "ముందుగాల రీలు కడగనియ్యిండ్రి" అని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఒకప్పుడు మిర్చి బస్తాలు పెట్టిన గది అది. కిటికీకి నల్ల గొంగడి, పైన ఎర్ర బల్బు, బల్ల మీద మందునీళ్ళ ఎనామిల్ పళ్ళేలు. ఎంత కడిగినా గోడల్లోని మిర్చి ఘాటు పోలేదు. ఆ ఘాటుకు తోడు ఫొటోలు కడిగే హైపో మందు పుల్లటి వాసన. పనిచేసే దుకాణం నుంచి వచ్చాక చిన్నాయన పడుకునేదాకా అక్కడే గడిపేవాడు. ఆయనకు ఇంకో లోకం లేదు.

మధ్యాహ్నం రీలు ఆరాక నన్ను లోపలికి పిలిచాడు. రీలు నిండితే తప్ప కడగని పొదుపు మనిషి. అందుకే అమ్మ మంచాన పడకముందు మేం పోయిన మేడారం జాతర కూడా అదే రీలులో ఉండిపోయింది. అక్కడ బెల్లాన్నే బంగారం అంటారు. నా మొక్కు తీర్చడానికి నన్ను కాంటాలో కూర్చోబెట్టి, నా ఎత్తు బంగారం తూచారు. పెద్ద చేసే మిషను కింద ఆ బొమ్మ పడింది. నెగటివ్ కాబట్టి తల వెంట్రుకలు తెల్లగా, మొఖాలు నల్లగా ఉన్నాయి. ఒక పక్క బెల్లం ముద్దలు, ఒక పక్క నేను. అంచున ఎవరో వంగి, నేను పడిపోకుండా గొలుసు పట్టుకుని ఉన్నారు.

"మీ అమ్మనే బిడ్డా. ఫొటో దిగుతాందని ఆమెకు ఎర్కలేదు" అన్నాడు చిన్నాయన. "గని దీంట్ల నువ్వున్నవు. బతికున్నోళ్ళ ఫొటోకు దండెయ్యరు. మీ నాయన ఒప్పడు. నిన్ను తీసేద్దామా?" అన్నాడు.

తల ఊపాను. నా అరచేతిని తీసుకుని, వెలుగుకూ కాగితానికీ నడుమ, సరిగ్గా నా బొమ్మ పడే చోట అడ్డం పెట్టించాడు. వెలుగు తగలకపోతే అక్కడ కాగితం తెల్లగా మిగిలిపోతుందట. తర్వాత కాగితాన్ని మందునీళ్ళలో వేసి, పళ్ళేన్ని మెల్లగా ఊపమన్నాడు. మొదట అమ్మ జుట్టు వచ్చింది, తర్వాత గొలుసు, ఆ తర్వాత కళ్ళు. తెరిచిన కళ్ళే. అమ్మ నవ్వుతోంది. ఆ నవ్వుతో ఒక తెల్లటి ఖాళీలోకి చూస్తోంది.

"అమ్మ ఏం సూస్తాంది?"

"నిన్నే."

"నేను లేనుగద ఆడ."

నాకు ఏడుపొచ్చింది. "నన్ను పెట్టు చిన్నాయనా. దండ వద్దు" అన్నాను. ఆయన ఇంకో కాగితం తీశాడు. ఈసారి నా చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

సాయంత్రం ఆ ఫొటోను నాయన చేతిలో పెట్టాడు. "పోరి గూడ ఉంది గదరా దీంట్ల" అన్నాడు నాయన. దాన్ని తీసుకుని లోపలికి పోయాడు.

కాగితం పాడుచేస్తే నేను ఊరుకోను, మా మనవరాళ్ళను అడగండి, చెబుతారు. కానీ ఆ గదిలో పాడైన ఒక్క కాగితాన్ని వృథా అనలేను. నాకు చూపించాలనే చిన్నాయన నా చెయ్యి అడ్డం పెట్టించాడో, నిజంగా దండ కోసమే అనుకున్నాడో నేను అడగలేదు. అడగడానికి ఆయనా ఇప్పుడు లేడు. నన్ను చిన్నపిల్లగా చూసిన కళ్ళు ఇక ఎక్కడా లేవు, ఆ ఫొటోలోవి తప్ప.

బడికి పోయింది కొద్ది కాలమే, ఓదార్చే మాటలు నాకు రావు. రాతిమనిషినని ఇంట్లో పేరు కూడా ఉంది. అయినా ఎవరింట్లో మనిషి పోయినా వెళ్తాను. ఏడ్చే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోను. ఆ ఇంటి పిల్లలు ఏ మూలన ఉన్నారో వెతికి, వాళ్ళకు ఎదురుగా కూర్చుంటాను. ఏమీ మాట్లాడను. వాళ్ళ మొఖం చూస్తూ ఉంటాను, అంతే.

ఆ తెల్లారి, దినాల రోజు, నాయన మేకు కొట్టి ఆ ఫొటోను గోడకు తగిలించాడు. తెచ్చిన బంతిపూల దండను దానికి వేయలేదు, కింద పీట మీద పెట్టాడు. "బతికున్న పిల్లను గూడ పెట్టి దండం ఎట్ల పెడ్తరయ్యా?" అని పెద్దమ్మ అడిగింది. నాయన భోజనాల వేళకు నా విస్తరి ముందుకొచ్చి కూర్చుని, నేను తినడం అయ్యేదాకా నన్నే చూశాడు.