నోటితో ఆలోచించేవాడు

రాంగోపాల్‌పేట్‌లో పెళ్లికార్డులు అచ్చువేసే షాపులో పని చేస్తాను. నేను కౌంటర్ దగ్గర, కార్డులు డిజైన్ చేసే ఆయన లోపల కంప్యూటర్ ముందు. పెళ్లికూతురి మేనమామ పేరు పైన రావాలా, బాబాయి పేరు పైన రావాలా అన్న తగువు నా వంతు. తగువు తీరాక ఆ పేరు తప్పు లేకుండా పడడం ఆయన వంతు. తెలుగు కార్డయినా, ఉర్దూ కార్డయినా ఒకే శ్రద్ధ. నాకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, చిలకలగూడ మనిషి. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. రోజు మొత్తం మీద ఆయన నాతో అనే మాటల్లో సగం అదే.

పోయినేడు వానాకాలంలో మా యజమాని కూతురు, ఎంబీఏ చదువుతున్న అమ్మాయి, ఒక ప్రశ్నల కాగితం తెచ్చి మా ఐదుగురి చేతా నింపించింది. మనిషి స్వభావం తేల్చే పరీక్షట. జనం మధ్య ఉంటే మీకు హుషారొస్తుందా, నీరసం వస్తుందా, లాంటి ప్రశ్నలు. నాకు ఎక్స్‌ట్రావర్ట్ అని వచ్చింది. తెలుగులో బహిర్ముఖుడు అంటారని ఆ అమ్మాయే చెప్పింది. వినడానికి ఊరి నుంచి వెలివేసినట్టుంది గానీ, నేను మొదటిసారే పాసైన పరీక్ష అదొక్కటే కాబట్టి కాగితాన్ని కౌంటర్ వెనక అంటించుకున్నాను. అందులో ఒక వాక్యం: ఇలాంటివాళ్లు ఆలోచించి మాట్లాడరు, మాట్లాడుతూ ఆలోచిస్తారు. పొగడ్త అనుకున్నాను. భాయ్‌కి ఏం వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆయన తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

రోజూ నాలుగింటికి ఇద్దరం రోడ్డు దాటి చాయ్‌కి వెళ్లేవాళ్లం. అక్కడ నేను సొంత షాపు పెట్టేవాణ్ని. ఒకరోజు మెయిన్‌రోడ్డు మీద, ఒకరోజు సందులో. మీరు డిజైన్, నేను కౌంటర్, ఇంకొకరి కింద పని చేయాల్సిన ఖర్మేంటి భాయ్ అనేవాణ్ని. ఏసీ పెట్టించాను, వద్దనుకుని తీయించాను. ఒక సోమవారం యజమాని మీద కోపంతో రెండో బ్రాంచి కూడా తెరిచాను. ఆయన సాసర్‌లో పోసుకున్న చాయ్ ఊదుకుంటూ ‘ఊ’ అనేవాడు. ఎనిమిది నెలల్లో రెండే రెండు ప్రశ్నలు అడిగాడు. మిషన్ కొత్తది తీసుకుందామా, పాతదా అని ఒకసారి. ఉర్దూ కార్డులు మనమే చేద్దామా, బయటికి ఇద్దామా అని ఒకసారి. నేను రెండింటికీ దర్జాగా జవాబు చెప్పాను. అలాంటి మనిషి రెండు ప్రశ్నలు అడిగాడంటే లోపల ఏదో జరుగుతోందని నాకు తట్టాల్సింది. నేనప్పుడు షాపు బోర్డుకి రంగు ఎంచుకుంటున్నాను.

మాఘమాసం పెళ్లిళ్ల రద్దీ తగ్గాక ఒకరోజు, చాయ్ ఇంకా రాకముందే ఆయన నోరు తెరిచాడు. అదే వింత.

“పెద్దసారుకు చెప్పేసిన తమ్మీ. నెలాఖరు దాకనే. చిలకలగూడల షెట్టర్ సుత కిరాయికి మాట్లాడి వచ్చిన.”

నేను నవ్వాను. ఇన్నాళ్లకు ఈయనకూ హాస్యం అబ్బిందనుకున్నాను. ఆయన కూడా నవ్వాడు, కాస్త సిగ్గుగా, సంతోషంగా. అది చూసి నాకు భయం వేసింది.

“నువ్వెప్పుడు చెప్తున్నవ్?” అన్నాడు.

ఏదో అన్నాను. చూద్దాం భాయ్, ఈ వారంలో, అన్నాననుకుంటా. చాయ్ ఎలా తాగానో గుర్తులేదు. పదకొండేళ్ల ఉద్యోగం ఆయనది. బడికి వెళ్లే ఇద్దరు ఆడపిల్లలు. కౌంటర్‌కి వచ్చినవాళ్లతో పట్టుమని పది మాటలు మాట్లాడలేని మనిషి, నేను మాట్లాడతానన్న ధైర్యంతో బయటికి నడిచాడు.

గోడ మీద అంటించుకున్న వాక్యం నాకు అర్థమైంది ఆ సాయంత్రమే. ఆయన ఏ సంగతైనా నెలల తరబడి లోపలే పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, అంతా తేలాక ఒక్కసారి పైకి అంటాడు. అన్నాడంటే అయిపోయినట్టే. ఎదుటివాడూ అంతేననుకున్నాడు. ఎనిమిది నెలలు రోజూ అదే మాట చెప్తున్నాడంటే ఈ పిల్లాడు ఎంత గట్టిగా అనుకున్నాడో అని. నాకేమో మాటంటే చిత్తుకాగితం. గీస్తాను, కొట్టేస్తాను, నలిపి పడేస్తాను. అవన్నీ ఆయన ఒక్కొక్కటే ఏరుకుని, చదును చేసి దాచుకుంటున్నాడని నాకేం తెలుసు?

కాప్రాలో మా ఇంట్లో అయిదుగురం ఉంటాం, అయిదుగురమూ ఒకేసారి మాట్లాడతాం. మావాళ్లు కాకినాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. వచ్చిన రోజు నుంచీ వెనక్కి వెళ్లిపోదామని మా నాన్న వారానికోసారి ప్రకటిస్తాడు. ఎవరూ ఇంతవరకు పెట్టె సర్దలేదు. ఆ పూట అన్నం తింటూ జరిగింది చెప్పాను, వీలైనంత తమాషాగా. మా చెల్లి నవ్వింది. అమ్మ నవ్వలేదు.

“మీ నాన్న మాటా, నీ మాటా ఎంతవరకు పట్టించుకోవాలో మాకు తెలుసురా. ఆ భాయ్‌కెవరు చెప్పారు పాపం?”

మర్నాడు మధ్యాహ్నం భాయ్ పక్క కుర్చీలో కూర్చున్నాను. ముందు బజారు గురించి మాట్లాడాను. జనం కార్డులు ఫోన్లోనే పంపేసుకుంటున్నారన్నాను. మా చెల్లి చదువు సంగతి చెప్పాను. రెండు జోకులు వేశాను. ఆయన మౌస్ వదిలేసి నా వైపు తిరిగాడు.

“వస్తున్నవా, లేదా? గంతే చెప్పు.”

“రావట్లేదు భాయ్.”

అంత చిన్న వాక్యం నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

“మరి గిన్ని దినాలు?”

“ఊరికే మాట్లాడాను.”

తిడతాడని సిద్ధపడే వచ్చాను. తిడితే ఏమని నవ్వించాలో కూడా అనుకున్నాను. ఆయన మళ్లీ స్క్రీన్ వైపు తిరిగి, ఎవరో పెళ్లికొడుకు పేరును కొంచెం పెద్దది చేశాడు. తర్వాత మళ్లీ చిన్నది చేశాడు.

ఆ మర్నాడు యజమాని దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. భాయ్‌ని ఉంచుకోమని బతిమాలాను. నేను ఉండమనే అన్నాను బాబూ, అన్నాడాయన. పొద్దున తను మళ్లీ అడిగితే, చెప్పిన మాట వెనక్కి తీసుకోనన్నాడట భాయ్. పదకొండేళ్లలో ఆ మనిషి తనను అడిగింది ఇదొక్కటేననీ, దీన్ని ఎలా కాదనాలో తనకు తెలియలేదనీ అన్నాడు.  నేను కౌంటర్ దగ్గరికి వెళ్లి గోడ మీది కాగితం పీకేశాను. అంటించిన చోట మరక పడింది, అది ఇప్పటికీ పోలేదు.

నెలాఖరుకి ఆయన వెళ్లిపోయాడు. ఆ కుర్చీలోకి కొత్త మనిషి వచ్చాడు. బాగా మాట్లాడతాడు. ఇద్దరం కలిసి రోజంతా మాట్లాడుకుంటాం. మొన్న ఒక కార్డులో పెళ్లికొడుకు పేరుండాల్సిన చోట పెళ్లికూతురి తండ్రి పేరు పడింది.

రెండు నెలలు ఆగి ఒక ఆదివారం పొద్దున చిలకలగూడ వెళ్లాను. చిన్న షెట్టరు. లోపల ఒక మిషను, పాతదే. కార్డులు రంగుల వారీగా సర్ది ఉన్నాయి, ఎక్కడా దుమ్ము లేదు, మనుషులూ లేరు. కూసో తమ్మీ అని స్టూలు జరిపాడు. ఎలా ఉందని అడిగితే తల ఊపాడు. ఆ తల ఊపడం బాగుందనో, బాగాలేదనో తెలియలేదు. నా నోరు ఆగలేదు.

“ఆదివారాలు నేనొచ్చి కౌంటర్‌లో కూర్చుంటా భాయ్” అన్నాను.

ఆయన నన్ను చూశాడు. ముఖంలో వెటకారమేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

“గిది ఆలోచిస్తున్నవా, చెప్తున్నవా?”

లోపల వెతుక్కున్నాను. 

“ఇంకా తెలీదు భాయ్” అన్నాను. సరేనన్నాడు.

అంతలో నడివయసు భార్యాభర్తలు వచ్చారు, కొడుకు పెళ్లి. నేను అలవాటుగా స్టూలు మీంచి లేచాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి కూర్చోమన్నాడు. తనే కార్డులు తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. ఎవరెవరు వస్తున్నారు, ఎన్ని కావాలి, పెళ్లెక్కడ, ఇవేవీ అడగలేదు. నేనైతే ఈపాటికి వియ్యంకుడి ఊరు కూడా కనుక్కునేవాణ్ని. కాగితం మంచిదని ఒకసారి చెప్పాడు. ఆమె మూడు కార్డులు పక్కకు తీసి, వేలితో అంచులు తడిమి చూసింది.

“మంచిగున్నయి. జెర చూసి వస్తం” అంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

ఈ వ్యాపారంలో ఆ మాట నేను రోజుకు పదిసార్లు వింటాను. తప్పకుండా రండి అని నవ్వి, వాళ్లు రోడ్డు దాటేలోపు కార్డులన్నీ పెట్టెలో వేసేస్తాను. ఆయన ఆ మూడింటినీ విడిగా తీసి, రబ్బరుబ్యాండు వేసి, చేతికందేలా పెట్టుకున్నాడు. ఆదివారం పన్నెండింటికే మూసేస్తాడట.

“ఇయ్యాల జెరసేపు తెరిచే ఉంచుత. వాళ్లు వస్తమన్నరు గదా.”

రారు భాయ్ అని చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆ మాటకి అర్థం ఆయనకు చెప్పే మనిషిని నేను ఎలా అవుతాను? స్టూలు మీద మళ్లీ కూర్చున్నాను. ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ మూడింటి దాకా ఉన్నాం.