ట్రాప్‌లో పడని పిల్ల

నాందేడ్‌లో ఇంగ్లీషు నేర్పే క్లాసులకు కొదవ లేదు. ఏ గల్లీలో తల ఎత్తినా టై కట్టుకున్న పెద్దమనిషి ఒకడు ఫ్లెక్సీలోంచి మనవైపు వేలు చూపిస్తుంటాడు. అలాంటి పెద్దమనుషుల్లో ఒకాయన దగ్గర నేను కొన్నాళ్లు గ్రామర్ చెప్పాను. ఆయన మా తెలుగాయనే. తాతల కాలం నుంచి బజారులో కిరాణా దుకాణం ఉన్న కుటుంబం. పప్పులు తూచడం నామోషీ అనిపించి ఇంగ్లీషు అమ్మడం మొదలుపెట్టాడు. దుకాణంలోనైతే శనగపప్పు అడిగినవాళ్లకు శనగపప్పే ఇచ్చేవారు.

అక్కడ గ్రామర్ అంటే నాకు పడేసిన అరగంట. ఆ అరగంటా పిల్లలు ఆవలిస్తూ కూర్చునేవారు. ఎందుకంటే అసలు విద్య సార్ దగ్గర ఉంది. దాని పేరు ట్రాప్. గదిలోకి వచ్చాక నోట్లోంచి ఇంగ్లీషు తప్ప మరొకటి రాకూడదు. సార్ పాఠం మధ్యలో ఉన్నట్టుండి ఎవరో ఒకరి వైపు తిరిగి, ఇంట్లో మనిషిలా మెత్తగా, "జేవణ్ ఝాలం కా?" అని మరాఠీలో అడిగేవాడు. తెలుగు పిల్లయితే "అన్నం తిన్నవా బిడ్డా?" అనేవాడు. ఆ అమాయకురాలు "తిన్న సార్" అందా, ఇక అయిపోయినట్టే. పిల్లలంతా బల్లలు చరుస్తూ "ట్రాప్! ట్రాప్!" అని అరిచేవారు. పడినవాళ్లు క్లాసు అయ్యేదాకా గుమ్మంలో నిలబడాలి. "నీకు తెలుగు వస్తుందా?" అని ఏ భాషలో అడిగినా "నో సార్" అనాలి. అలా అన్నవాళ్లకు చప్పట్లు. అన్నం తిన్నావా అని అడిగితే జవాబు చెప్పడం తప్పయిన చోటును నేను అక్కడే చూశాను. తల్లిదండ్రులైతే గుమ్మంలో నిలబడ్డ తమ పిల్లల్ని చూసి, "సార్ చానా స్ట్రిక్టు" అని మురిసిపోయేవారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు ఉండబట్టలేక ఇదేం చదువని సార్‌ను అడిగాను.

"మీది పుస్తకాల ఇంగ్లీషు మేడమ్. గది బయట ఎవలకు గావాలె?" అన్నాడాయన. "ఇంటి భాష నోట్లకెల్లి పోవాలె. అప్పుడే ఇంగ్లీషు లోపటికి అస్తది."

నోరేమైనా కిరాయి ఇల్లా, ఒకరు ఖాళీ చేస్తేగానీ ఇంకొకరు దిగకుండా ఉండటానికి!

ట్రాప్‌లో ఒక్కసారి కూడా పడని అమ్మాయి ఒకతె ఉండేది. కర్ఖేలి నుంచి పొద్దున్నే ప్యాసింజర్ బండిలో వచ్చేది. గుంట భూమి లేని తెలుగు ఇల్లు. ఆమె అవ్వ అని పిలిచే తల్లి కూలికి పోయి డిగ్రీ దాకా చదివించింది. ఇంట్లో ఆమెకు గడువు పెట్టారు. సోయా కోతలు మొదలయ్యేలోపు నాందేడ్‌లో నౌకరి దొరికితే సరే, లేకపోతే తల్లి వెంట కోతకు పోవాలి. నిజంగా తెలివైన పిల్ల. నా అరగంటలో ఆవలించనిది ఆమె ఒక్కతే. కొత్తగా చేరడానికి ఎవరైనా వస్తే సార్ ఆమెను వాళ్ల ముందు నిలబెట్టి తెలుగులో, మరాఠీలో, హిందీలో గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఆమె ఇంగ్లీషు వదిలేది కాదు. సంతలో ఎద్దు పళ్లు చూపించి బేరం పెట్టినట్టు ఉండేది నాకు.

డాక్టర్ల గల్లీలో ఒక ఆస్పత్రివాళ్లకు కౌంటర్ దగ్గర మనిషి కావాలని తెలిసింది. ఇంటర్వ్యూకు భయంగా ఉందంటే నేను తోడు వెళ్లాను. ఆమె లోపలికి పోయాక బెంచీ మీద కూర్చుని చూద్దును కదా, చుట్టూ సగం మంది మనవాళ్లే. భైంసా నుంచి, బోధన్ నుంచి వచ్చిన పేషెంట్లు. "రక్తం యాడ తీస్తరు నాయినా?" అని ఒక ముసలామె తెలుగులో మొత్తుకుంటోంది. కౌంటర్‌లో కూర్చున్నతను మరాఠీలో ఆమె మీద అరుస్తున్నాడు. వీళ్లకు మనిషి ఎందుకు కావాల్సివచ్చిందో నాకు అర్థమైంది. మా పిల్లకు కాక ఇంకెవరికి వస్తుందని హాయిగా వెనక్కి ఆనుకున్నాను.

ఆమె వెలిగిపోతున్న ముఖంతో బయటికి వచ్చింది.

"మేడమ్, ఈడ గూడ ట్రాప్ పెట్టిండ్రు! ఇంగ్లీషుల మంచిగ మాట్లాడుకుంటనే, గా మేడమ్ ఒక్కసారే హిందీల 'తెలుగు ఆతీ హై క్యా?' అన్నది. 'నో మేడమ్' అన్న. ఇంట్ల ఏం మాట్లాడ్తరన్నది. 'ఓన్లీ ఇంగ్లీష్' అన్న. మల్ల మల్ల అడిగింది. నేను పడలే."

ముసలామెను చూపించి మెల్లగా చెప్పాను. "అది ట్రాప్ గాదు బిడ్డా. గీళ్లతోని మాట్లాడెటందుకే మనిషి గావాలె వాళ్లకు."

ఆమె గిర్రున తిరిగి తలుపు తోసుకుని లోపలికి పోయింది. వెనకాలే నేనూ వెళ్లాను. "మాది తెలుగే మేడమ్. మా అవ్వకు తెలుగు తప్ప ఇంకోటి రాదు" అని కంగారులో తెలుగులోనే చెప్పేస్తోంది. పుణె నుంచి వచ్చిన ఆ మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను మరాఠీలో అంతా విడమరిచి చెప్పాను. క్లాసు గురించీ చెప్పాను. ఆవిడ ఓపికగానే విన్నది. తర్వాత, అన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అబద్ధమే చెప్పింది, అలాంటి మనిషిని రోగుల ముందు ఎలా కూర్చోబెట్టమంటారని మరాఠీలో నెమ్మదిగా అడిగింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు దారి దొరకలేదు.

ఇద్దరం క్లాసుకు తిరిగి వచ్చేసరికి సార్ మెట్ల దగ్గరే ఎదురయ్యాడు.

"ఎట్లయింది? ఇంగ్లీషుల ఏమన్న తప్పు పోయిందా?"

"తప్పేం పోలే. నౌకరి పోయింది" అని జరిగిందంతా చెప్పాను. కాస్తయినా సిగ్గుపడతాడేమోనని ముఖంలోకి చూశాను. మనిషి ఛాతీ పొంగింది. ఆమె భుజం తట్టి గదిలోకి తీసుకుపోయి, అందరి ముందు నిలబెట్టి, "షీ డిడ్ నాట్ ఫాల్! క్లాప్స్!" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చేతికి ఏది దొరికితే అది ఆయన మీదికి విసరాలనిపించింది.

చప్పట్లు ఆగేదాకా ఆమె తల వంచుకుని నిలబడింది. తర్వాత అందరికీ వినబడేలా తెలుగులో అడిగింది.

"సార్, నన్ను అబద్ధాలు చెప్పేదన్నరు. ఇంటికి పోయి మా అవ్వకు ఏమని చెప్పాలె?"

సార్ టై సర్దుకున్నాడు.

"ఇన్ ఇంగ్లీష్, ప్లీజ్" అన్నాడు.