చెవికి అందని పోపు

ఇవాళ మధ్యాహ్నం పప్పుకు పోపు పెడుతుంటే వెల్లుల్లి అంచులు ఎర్రబడిన వాసన వచ్చింది. చెయ్యి దానంతట అదే వెళ్లి పొయ్యి ఆపేసింది. ఆవాలు చిటపటలాడే ఉంటాయి, నాకు వినబడదు. ఈ వాసన పట్టడం నేర్పింది రాజక్క.

సూరత్‌లో పదహారేళ్లు మరమగ్గాల మధ్య నిలబడ్డాక నా చెవులు దెబ్బతిన్నాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం విని, సగం పెదవులు చూసి అర్థం చేసుకునేవాణ్ణి. మగ్గం ఆగినా తెలియనివాడు కార్ఖానాకు ఎందుకు? అలా సూరత్‌లోనే అమ్రోలి ప్రాంతంలో మన తెలంగాణ కార్మికులు తినే ఒక మెస్సులో వంటసాయానికి కుదిరాను. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఉల్లిపాయలు తరగడం నామోషీగానే ఉండేది. అదీ పోతే మాత్రం సూరత్‌లో నాకు మరో పని దొరకదు. వంటమనిషి రాజక్కకు యాభై దాటాయి. నవ్వు తక్కువ, నోరు ఎక్కువ.

మూడో రోజు పోపు నాకు అప్పగించి ఆమె బియ్యం కడగడానికి వెళ్లింది. నేను బుద్ధిమంతుణ్ణి కదా, ఆవాల చిటపట వినబడేదాకా ఆగాను! వెల్లుల్లి నల్లగా మాడిపోయింది. కంగారులో దాన్ని అలాగే గంగాళం పప్పులో కుమ్మరించాను. పప్పంతా చేదు. అప్పటికే షిఫ్టు దిగినవాళ్లు కంచాల ముందు కూర్చున్నారు.

రాజక్క నానిన చింతపండు పిసికి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి నలిపి, పొయ్యితో పనిలేకుండా బకెట్టెడు పచ్చిపులుసు చేసింది. జనం మళ్లీ మళ్లీ పోయించుకున్నారు. మెస్సు యజమాని మాత్రం నా మీద రాజక్క దగ్గర మండిపడ్డాడు.

"చెవులు ఇనరానోడు వంటింట్ల ఏం జేస్తడు? రేపటి సంది రావద్దను."

రాజక్క నాకు కనబడేలా ఇటు తిరిగి జవాబిచ్చింది. "గీడ తినేటోళ్లల్ల సగం మందికి ఇనరాదు. ఆళ్లను గూడ రావద్దంటవా? నేను నేర్పిస్త. నేర్వకపోతే ఇద్దరం పోతం."

మర్నాడు నన్ను పొయ్యి ముందు నిలబెట్టింది. "చెవుల సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. కండ్లు మూసుకొని వాసన సూడు. వాసన మారంగనే భుజం మీద కొడ్త." వారం రోజులు నా భుజం వాచిపోయింది. ఆ తర్వాత ఆమె చెయ్యి లేవకముందే నేను పొయ్యి ఆపడం మొదలుపెట్టాను.

ఆమె ఏనాడూ నా వెనక నుంచి మాట్లాడలేదు. తిట్టాలన్నా పొయ్యి చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి నిలబడి మరీ తిట్టేది.

మోకాళ్లు అరిగిపోయాక కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. నేనే రైలు ఎక్కించాను. అది కదిలాక కిటికీలోంచి ఏదో అంది. పెదవులు చూశాను. "పొయ్యి బంద్ చేసినవా?" తల ఊపాను. దుఃఖం ఆగలేదు. ఆమెది బటన్ల ఫోను, అందులో పెదవులు కనబడవు, మాట నాకు అందదు. అందుకే నాకు తెలిసిన ఆమె చివరి మాట అదే.

ఇప్పుడా మెస్సులో వంట నాది. కూరలు తరిగేవాళ్లకు ఏదైనా చెప్పాలంటే గరిటె పక్కన పెట్టి, పొయ్యి చుట్టూ తిరిగి వెళ్లి వాళ్ల ముందు నిలబడతాను. వాళ్ల చెవులు బాగానే ఉన్నాయి. అయినా వెనక నుంచి మాట్లాడటం నాకు చేతకాదు.